మోతి తుంటికి పెట్టిన జీడి

నా చిన్నప్పుడు నేను చేసిన ఒక పనికి మా కుక్క నోరంతా పుండైంది. ఆ పుండుకు పక్కింటి పెద్దమ్మ నింద మోసింది. కుక్క విషయంలో తెలియక చేశాను. నింద విషయంలో తెలిసే చేశాను. మొదటిదాన్ని తప్పు అనగలను. రెండోదాన్ని ఏమనాలో ఇంత వయసు వచ్చాక కూడా నాకు తోచదు.

మాది మంథనికి దగ్గరలో, గోదావరి ఒడ్డున వరి పండించే పల్లె. ఇంట్లో బాపు, నన్ను కన్న అవ్వ, బాపును కన్న మా బాపమ్మ, నేను. మాతో పాటు మోతి. గోధుమ రంగు నాటు కుక్క. నేను దోగాడే రోజుల్లో అది కూన అని చెప్పేవాళ్ళు. కల్లం కావలి దానిదే. వడ్ల కుప్పల చుట్టూ తిరుగుతూ అడవి పందులను దగ్గరికి రానిచ్చేది కాదు. ఎడ్లబండి వెంట పొలానికి పోయేది, బండి వెంటే తిరిగి వచ్చేది. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. మేము కూడా దాన్ని ప్రత్యేకంగా చూసుకున్నది లేదు. మిగిలిన బువ్వ పెట్టేవాళ్ళం, అంతే.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి చలికాలంలో మోతి నడక మారింది. పొద్దున లేవాలంటే ముందు కాళ్ళు ఊనేది కానీ వెనక కాళ్ళు లేచేవి కావు. కాసేపు అట్లాగే సగం కూర్చుని, తనను ఎవరైనా చూస్తున్నారేమోనని సిగ్గుపడ్డట్టు తల పక్కకు తిప్పుకునేది. మా వాకిట్లో పరిచిన బండల మీద దాని కాళ్ళు జారేవి. ఎండ ఎక్కాక కొంచెం తేరుకునేది. అరుగు ఎక్కడం మానేసింది. అప్పటికి బాగా లావైంది కూడా. పాపం ముసలిదైందని బాపమ్మ రెండు పూటలా దానికి బువ్వ దండిగా పెట్టేది.

బాపు కఠినుడు కాదు, కానీ పని మనిషి. ఒకరోజు మోతి లేవలేక తిప్పలు పడుతుంటే చూసి, "కల్లాలు మొదలయ్యేదాక సూస్త. గప్పటికి లేవకపోతే ఏరు దాటిపిస్త" అన్నాడు. ఏరు దాటించడమంటే పనికిరాని కుక్కను పుట్టిలో అవతలి ఒడ్డుకు తీసుకుపోయి వదిలి రావడం. మా దిక్కు అది పాపమని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. చంపలేదు గదా అనేవాళ్ళు. అవతలి ఒడ్డున ఆ కుక్క ఏం తింటుందో, ఎట్లా నడుస్తుందో అడిగినవాళ్ళు లేరు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. మోతికి మందు వెయ్యాలనుకున్నాను. మందంటే నాకు తెలిసింది బాపమ్మ నల్లజీడి ఒక్కటే. మా దిక్కు అడవిలో దొరికే గింజ అది. చాకలివాళ్ళు బట్టల మీద గుర్తు పెట్టేది దాని నూనెతోనే. బాపమ్మ ఆ గింజకు దబ్బనం గుచ్చి, నిప్పు మీద కాచి, ఊరిన నల్లటి నూనెను పగిలిన మడమకో నొప్పి పెట్టిన మోకాలికో చుక్కంత అంటించుకునేది. పడనివాళ్ళకు ఒళ్ళు పొక్కుతుందని కూడా చెప్పేది. నేను ఆ రెండో మాట చెవిన పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం బాపు పొలానికి, అవ్వ చాకిరేవుకు పోయారు. బాపమ్మ కునుకు తీస్తోంది. ఆమె దాచుకునే చిన్న మట్టి గురిగిలోంచి గింజలు తీశాను. ఆమె చేసినట్టే చేశాను, కానీ చుక్కతో ఆగలేదు. కుక్క పెద్దది, నొప్పి పెద్దది, మందు కూడా ఎక్కువే కావాలనుకున్నాను. వెంట్రుకలు పాయదీసి రెండు తుంట్లకూ మందంగా పూశాను. పూస్తున్నంతసేపూ మోతి తోక ఆడిస్తూనే ఉంది. ఎన్నడూ లేనిది నేను తనను ముట్టుకుని ప్రేమగా నిమురుతున్నానని అనుకుని ఉంటుంది.

కాసేపటికి అది దిగ్గున లేచింది. వెనక కాళ్ళ మీద గిరగిరా తిరిగింది. మందు పట్టిందని నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు నాకే పరాయివిగా అనిపిస్తాయి. మంటకు తాళలేక లేచిందని అర్థం కాలేదు. అది మెడ తిప్పి తుంటిని నాకడం మొదలుపెట్టింది. మందు పోతుందని దాని తల పక్కకు నెట్టాను. నేను అటు తిరగ్గానే మళ్ళీ నాకింది.

తెల్లారేసరికి మోతి పెదాలు ఉబ్బాయి. నాలుక ఎర్రగా పొక్కి, చొంగ కారుతోంది. బువ్వ ముందు పెడితే వాసన చూసి వెనక్కి జరిగింది. తుంటి మీద వెంట్రుకలు అట్టకట్టి ఉంటే బండకు ఒరుసుకుపోయిందనుకున్నారు. నోటి సంగతి మాత్రం ఎవరికీ అంతు పట్టలేదు. అప్పుడే మా అవ్వ పక్కింటి దిక్కు చూసింది.

పక్కింటి పెద్దమ్మ గురించి చెప్పాలి. భర్త పోయాడు. మంచాన పడ్డ అత్తను చూసుకుంటూ, నాట్లకూ కలుపులకూ పోతూ, కోళ్ళు పెంచి వాటి గుడ్లు వీధిలో అమ్ముకుంటూ బతికేది. వాళ్ళు మిషన్ చర్చికి పోయేవాళ్ళు. రెండిళ్ళ మధ్య మట్టి గోడ. ఒక మూల ఆ గోడ కూలి, కుక్క దాటేంత సందు ఉండేది. మోతి రోజూ ఆ సందులోంచి ఈడ్చుకుంటూ పోయి, ఆమె పొయ్యి పక్కన వెచ్చటి బూడిదలో పడుకునేది. అంతకు ముందు వారం గంప కింద కోడి గుడ్డు తిన్నదని ఆమె వీధంతా వినపడేట్టు దాన్ని తిట్టింది. "నీ నోరు పుండుగాను" అన్నది. ఆడవాళ్ళు రోజుకు పదిసార్లు అనే తిట్టే. కానీ ఈసారి నిజంగానే నోరు పుండైంది.

బాపు నన్ను పిలిచాడు. "నిన్న ఇంట్ల నువ్వే ఉంటివి గదరా. ఎవలన్న దానికి ఏమన్న పెట్టంగ సూసినవా?" నా కుడి చెయ్యి వీపు వెనక ఉంది. వేళ్ళు మండుతున్నాయి. సూడలే అన్నాను. అంతటితో ఆపినా కొంత నయమే. "పెద్దమ్మ వాకిట్లకెల్లి వచ్చింది" అని కూడా అన్నాను. అందులో అబద్ధం లేదు. మోతి రోజూ అక్కడి నుంచే వచ్చేది. ఒక నిజాన్ని పట్టుకుని అంత నీచమైన పని చేయవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

బాపు వీధిలో నిలబడి కేకేశాడు. "గుడ్డు తిన్నదని మూగజీవికి మందు పెడ్తవా? నీకు చేతులెట్లొచ్చినయి?" ఆమె చీపురు పట్టుకునే బయటికి వచ్చింది. "తిట్టిన పటేలా. తిట్టలే అని అంటనా? మందెందుకు పెడ్త? అది నా పొయ్యికాడ పండే కుక్క" అన్నది. చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి. బాపు గొంతు పెద్దది. ఆమె మాట ఎవరికీ వినపడలేదు. ఆ రోజే గోడ సందులో కంప కొట్టించి, మోతిని నీళ్ళ గోలెం పక్కన గొలుసుతో కట్టేశాడు. నీళ్ళు చిందే ఆ బండ మీద అది మరీ బిగుసుకుపోయింది. వెచ్చటి బూడిద దానికి నా వల్లనే దూరమైంది.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు మోతికి నీళ్ళు పెడుతుంటే గోడ మీది నుంచి పెద్దమ్మ తల కనపడింది.

"పోరగా, నీ చెయ్యి సూపియ్యి."

ఎడమ చెయ్యి చూపించాను.

"గది గాదు. ఇంకోటి."

చూపించక తప్పలేదు. వేళ్ళ కొసలు నల్లగా మరకలు పడి పొక్కి ఉన్నాయి. నేను అరుస్తుందనుకున్నాను. "జీడి ఏడ పెట్టినవ్?" అని మాత్రం అడిగింది. తుంటికన్నాను. "మనిషికి రాస్తే మనిషి ఊకుంటడు. కుక్క ఊకుంటదా? దాని ఒంటికి ఏది రాసినా పొద్దుగుంకేసరికి దాని కడుపుల ఉంటది బిడ్డా." చేతికి గుడ్డ చుట్టుకుని తుంటి కడగమన్నది. చల్లారిన గంజిలో బువ్వ మెత్తగా పిసికి పెట్టమన్నది. నా వేళ్ళకు రాసుకోమని చిప్పలో కొబ్బరి నూనె అందించింది.

"బాపుకు చెప్తవా పెద్దమ్మా?" అని అడిగాను.

"నువ్వు నా కొడుకువా, మీ బాపు కొడుకువా? చెప్పేది ఉంటే ఇంటోళ్ళు చెప్పుకోవాలె. ముందుగాల దాన్ని లేపుదాం" అన్నది.

అట్లా నేను నింద వేసిన మనిషే నాకు దారి చూపడం మొదలైంది. నేను ఇంట్లో నోరు విప్పి ఉంటే ఆమె కంప తీసి, మోతిని తన పొయ్యి దగ్గరికి తీసుకుపోయేది. విప్పలేదు. అందుకని ఆమె గోడ అవతల నిలబడే చెప్పేది, నేను ఇవతల చేసేవాడిని. ఎవరైనా వస్తున్న చప్పుడైతే ఆమే వంగి దాక్కునేది. తప్పు చేసినవాడు నిటారుగా నిలబడి, ఏ తప్పూ లేని మనిషి గోడ చాటున వంగి కూర్చున్న ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు.

మొట్టమొదట ఆమె మందేమీ చెప్పలేదు. "రేపు పొద్దుగాల లేవంగనే, లాగు మడిచి, మోతి పండే జాగల పోయి కూసో. నేను వాకిలి ఊడ్సుడు అయ్యేదాక లేవద్దు" అన్నది. కూర్చున్నాను. బండ మంచుగడ్డలా ఉంది. గోలెం అడుగు నుంచి తడి ఊరి లాగులోకి దిగింది. ఆమె కావాలనే మెల్లగా ఊడ్చిందని నా అనుమానం. లేవబోతే మోకాళ్ళు పట్టేసి గోలెం అంచు పట్టుకోవాల్సి వచ్చింది. గోడ మీది నుంచి చూస్తూ, "ఇప్పుడు చెప్పు. నీ ముడ్డికి జీడి పెట్టాల్నా, బొంత ఎయ్యాల్నా?" అన్నది. నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది.

మోతిని గోలెం దగ్గర నుంచి కొట్టం గోడ పక్కకు, పొద్దున ఎండ పడే చోటికి మార్చాను. గోనె సంచిలో వరిగడ్డి కూరి, పైన పాత చీరల బొంత కుట్టి వేశాను. గడ్డి రోజూ ఎండలో వేసి దులపమని చెప్పింది. చెమ్మ పడితే మళ్ళీ మొదటికొస్తుందట. జారే బండల మీద, బొంత నుంచి బువ్వ గిన్నె దాకా, చింకి సంచులు పరిచాను. మెడ వంచి తినేటప్పుడు ముందు కాళ్ళ మీద బరువు పడుతోందని గిన్నెను ఇటుకల మీద పెట్టించింది. నోటి పుండు మానాక బువ్వ తగ్గించమన్నది. అదే నాకు కష్టమైంది. బాపమ్మతో రోజూ గొడవ. "ముసలిదాని నోటికాడి బువ్వ గుంజుతవేందిరా" అని తిట్టేది. పెద్దమ్మ మాత్రం, "మా అత్త సన్నగున్నప్పుడు మంచం దిగేది. కుక్కకైనా గంతే కావచ్చు. నాకేం తెల్సు, ఆమెకు చేసిందే దీనికి చెప్తున్న" అనేది.

ఒకసారి బాపమ్మ నొప్పి గోళీ ఒకటి దాచి ఉంచాను, మోతికి వేద్దామని. గోడ దగ్గర చూపిస్తే ఆమె ముఖం మారిపోయింది. "జీడి సాలలేదా? మన గోళీలు దానికి పడతయో లేదో ఎవలకెరుక. ఎద్దుల డాక్టర్ వచ్చినప్పుడు అడుగు, ఆయన ఇయ్యమంటేనే ఇయ్యి." పశువుల దవాఖాన డాక్టర్ మా ఎద్దును చూడడానికి వచ్చినప్పుడు భయపడుతూనే అడిగాను. మనుషుల గోళీ వేస్తే కుక్క కడుపులో పుండు పడి చచ్చిపోతుందని చెప్పాడు. మోతి తుంటి నొక్కి చూసి, ఇది వయసు నొప్పి, పూర్తిగా పోదు, వెచ్చగా ఉంచి రోజూ కొంచెం నడిపించమన్నాడు.

తుంటి పుండు పూర్తిగా ఆరాక కాపడం మొదలుపెట్టాను. గోదావరి ఇసుకను మూకుట్లో వేడి చేసి, గుడ్డలో గట్టిగా మూట కట్టడం. ముందు నా మోచేతి లోపలి వైపు ఆనించి చూడాలి. "నీకు ఆగితేనే దానికి. నీకు సుర్రుమంటే సల్లారనియ్యి" అనేది. మొదటిసారి మూట దగ్గరికి తెస్తుంటే మోతి వణికింది. నా చెయ్యి గుర్తుపట్టింది. నేను కొట్టం నేల మీద కూర్చుండిపోయాను. అది మూట వాసన చూసి, నన్ను చూసి, చాలాసేపటికి తుంటిని నా వైపు తిప్పి పడుకుంది. కుక్కలు క్షమిస్తాయని అంటారు. నాకు తెలియదు. నొప్పి ఎక్కువగా ఉండి, వేరే దారి లేక తిప్పిందేమో.

కాపడం అయ్యాక పొలం గట్టు మట్టి బాటలో కొంచెం దూరం నడిపించేవాడిని. మొదట్లో వీధి చివరి దాకా పోయి తిరిగొచ్చేవాళ్ళం. అది కూర్చుంటే కూర్చునేవాడిని, లేస్తే లేచేవాడిని. కల్లాలు మొదలయ్యేనాటికి మోతి పరుగెత్తలేదు కానీ లేవగలిగింది. బండి మీద బొంతతో సహా తీసుకుపోతే కల్లంలో గడ్డివాము పక్కన కూర్చుని, ఏ చప్పుడైనా మొరిగేది. కావలికి మొరుగుడు చాలు. బాపు ఏరు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ రోజులన్నింటిలో పెద్దమ్మ గుడ్లు ఎవరూ కొనలేదు. "గామె చేతిది తినాలంటే బుగులైతుంది" అని ఆడవాళ్ళు అనుకోవడం విన్నాను. ఆమె నోరు మంచిది కాదని పిల్లలను ఆ గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. గోడ మీది నుంచి చూస్తే గుడ్ల బుట్ట ఎప్పుడూ నిండుగా కనపడేది. చెప్పాలని రోజూ అనుకునేవాడిని. మోతి లేచాక చెప్తా అనుకున్నాను. లేచాక, కల్లాలు అయ్యాక చెప్తా అనుకున్నాను.

కల్లం దగ్గరికి ఖానాపూర్ నుంచి మా మేనమామ వచ్చాడు. మోతి నడక చూసి, "మా ముసలి కుక్కకు గూడ గిదే తిప్పలు బావా. దీన్ని ఎట్ల లేపిండ్రు?" అని అడిగాడు. వడ్లు తూర్పార పడుతున్న బాపు చాట ఆపి, నా వైపు చెయ్యి చూపించాడు. "మా పోరడే. పొద్దుగాల లేసి కాపడం పెట్టిండు, బొంత కుట్టిండు. నేనైతే ఏరు దాటిపిద్దామనుకున్న. వీనికున్న దయ నాకు లేకపాయె." బాపు నన్ను అట్లా పదిమందిలో పొగడడం అదే మొదటిసారి. ఎన్నాళ్ళుగానో కోరుకున్న మాట. ఒంటికి జీడి పూసినట్టే మండింది.

"ఎవలు నేర్పిండ్రురా గివన్ని?" అన్నాడు మామ.

"పక్కింటి పెద్దమ్మ."

"మందు పెట్టిన ఆమెనా?" అన్నాడు బాపు.

"ఆమె పెట్టలే బాపూ. నేనే జీడి పూసిన, తుంటికి. అది నాకింది."

మామ ఏదో నవ్వులాట మాట మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు. బాపు కొడతాడని ఎదురుచూశాను. కొట్టలేదు. చాట కింద పెట్టి, "నా నోటితోని తిట్టిపిచ్చినవ్ గదరా" అన్నాడు. మళ్ళీ చాట ఎత్తి, పొద్దు గుంకేదాకా వడ్లు తూర్పార పట్టాడు.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆమె గడప ముందుకు పోయాడు. తలకు చుట్టిన రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎవరి ముందూ ఆయన అట్లా తీయగా నేను చూడలేదు. "తప్పైందక్కా" అన్నాడు. పెద్దమ్మ నా ముఖం చూసింది, బాపు చేతులు చూసింది. "పోరడు నాకు ఆనాడే చెప్పిండు పటేలా. నీకు చెప్పనీకె జర ధైర్యం రాలే, గంతే. కొట్టకు వాన్ని" అన్నది.

నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఆమె అడిగి, వేళ్ళు చూసి రాబట్టింది. నా అబద్ధం ఆమె పేరు చెడగొట్టింది. ఆమె అబద్ధం నా వీపు కాచింది. ఆ రెండు అబద్ధాల మధ్య నిలబడి, నేను తలవంచుకుని ఊరుకున్నాను.

బాపు కంప తీయించాడు. కానీ ఆయన తిట్టింది వీధి నడుమ, తప్పు ఒప్పుకున్నది గడప దగ్గర. వీధికి వినపడలేదు. మరుసటి వారం కూడా గుడ్ల బుట్ట నిండుగానే ఉంది. అది చూశాక నాకు చేయాల్సింది ఒక్కటే కనపడింది. పెద్దమ్మను బుట్ట అడిగాను. "పటేలు కొడుకు గుడ్లమ్ముతడా?" అని నవ్వింది. ఇవ్వనన్నది. నేను అక్కడే కూర్చుంటే చివరికి ఇచ్చింది.

మోతిని నడిపించే వేళకే బుట్టతో బయలుదేరేవాడిని. ప్రతి గడప దగ్గరా ఆగి చెప్పాను. గుడ్లు పెద్దమ్మవి. కుక్కకు జీడి పూసింది నేను, ఆమె మీద పడేట్టు చెప్పింది కూడా నేనే. కొందరు నవ్వారు. ఒకామె, "ఆడిదాని ఉసురు తీస్తివి గదరా" అని తలుపు వేసుకుని, మళ్ళీ తెరిచి గుడ్లు తీసుకుంది. చెప్పేసి పరుగెత్తిపోదామని ప్రతిసారీ అనిపించేది. మోతి పక్కన ఉంది కనుక కుదరలేదు. అది ఎంత మెల్లగా నడిస్తే నేనూ అంత మెల్లగా, వాళ్ళందరూ చూస్తుండగా నడవాల్సి వచ్చింది. కల్లాలు అయిపోయి ఎండలు ముదిరేదాకా ఆ బుట్ట నేనే మోశాను.

మోతి మరుసటి వానాకాలం చూసి, ఆ చలికి ముందే పోయింది. చివరి నెలల్లో పెద్దమ్మ పొయ్యి దగ్గరే పడుకునేది. నేను పొద్దున్నే అక్కడికే ఇసుక మూట తీసుకుపోయేవాడిని. వేడి ఉండగానే రెండో మూట ఆమె అత్త మోకాళ్ళకు పెట్టేవాడిని.

ఆ బుట్ట మోసిన రోజుల్లోనే వీధి పిల్లలు నన్ను జీడిగాడు అనడం మొదలుపెట్టారు. బడిలో ఆ పేరే, పెళ్ళిలో ఆ పేరే. ఇప్పుడు ఊరికి పోతే, నా వయసు చూసి కాస్త మర్యాదగా, "ఏం జీడన్నా, ఎప్పుడొచ్చినవ్?" అంటారు. కొత్త తరం పిల్లలకు ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియదు. అడుగుతారు. జీడిమామిడి తోట ఉండేదని చెప్పి తప్పించుకోవచ్చు, ఎవరూ కాదనరు. నేను మాత్రం వాళ్ళను కూర్చోబెట్టి మొత్తం చెప్తాను.